పెదిమకు తగిలిన దారం

నగరిలో మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాల మోత ఆగితే గానీ ఆ ఊళ్ళో మొగుడూ పెళ్ళాలకు ఒకరి మాట ఒకరికి వినబడదు. పోట్లాటలు మొదలయ్యేదీ అప్పుడే. పవర్లూము నేసే రాజారత్నం, ఆయన భార్య పంకజాక్షి అప్పటికే సగం పోట్లాటలో ఉన్నారు.

“నోరు తెరువు పంకజా, సూస్తా.”

“తెరిస్తే మూతపడదు, మూస్తే తెరుచుకోదు. ఏం సూస్తావు? గమ్మునుండు.”

“దౌడ బూరె మాదిరి ఉబ్బిపోయింది. ఒళ్ళు కాల్తాండాది. నిన్నట్నుంచి గంజి గూడా మింగలేదు. తిరపతికి పోదాం పద. ఆ పన్ను పీకించుకుంటే పోతుంది.”

“పోతుంది. నీకు పోయినట్టే.”

“నాకేం పోయింది?”

“మూతి.”

“మూతి ఈడనే ఉండాది గదే!”

“ఉండాది. రాయి మాదిరి ఉండాది. ఆడికృత్తికప్పుడు పన్ను పీకించుకోని వస్తివి. ఆ సూది మత్తు ఈ పొద్దుకన్నా దిగిందా? కార్తీకం ఐపోవస్తాండాది, నాలుగు నెల్లు.”

“డాక్టరు తప్పేముండాది? సూది నరానికి తగిలిందంట. కరెంటు కొట్టినట్టు గడ్డం దాకా జివ్వుమనింది. లచ్చలో ఒగరికి అట్లవుతుందంట.”

“ఆ ఒగరు మనింట్లోనే ఉండాడు గదా.”

“ఇంగ రొండోవాళ్ళు గూడా ఈ ఇంట్లోనే ఉంటారా యాడన్నా?”

“పీకేదేదో సూది లేకుండా పీకమను, వస్తా.”

“పానం పోతుందే, పిచ్చిదానా.”

“పోనీ. చిన్నబిడ్డను ముద్దు పెట్టుకోని, బుగ్గ తెలీలేదే అని ఏడిస్తివి. నేను మర్చిపోలేదు.”

“అది అప్పుడు.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు... వచ్చేసింది.”

“ఏమొచ్చింది?”

“పెదిమకు తెలుస్తాండాది. సోమవారం నుంచి.”

“సోమవారం నుంచా? నాకు సెప్పనే లేదే.”

“సెప్దామనే అనుకున్న్యా. ఈ మగ్గం మోతలో యాడ కుదురుతుంది?”

“నిన్న కాఫీ గడ్డం మీద కారి చొక్కా తడిసింది. నేను తుడిస్తే గానీ నీకు తెలీలేదు.”

“ఏదో యోచనలో ఉంటి.”

“మొన్న గడ్డం గీసుకుంటా తెగ్గోసుకుంటివి. నెత్తురు కారతాంటే ఈదిలోకి పోతివి.”

“బ్లేడు పాతది.”

“బ్లేడు పాతదైతే నెత్తురు తెలీదా? కతలు సెప్పొద్దయ్యా.”

“కతలేంది! పక్కింటి తిరుమలయ్యను అడుగు, కావాలంటే.”

“ఏ తిరుమలయ్య? ఎముక ఇరిగినట్టు మూతికి పుత్తూరు కట్టు కట్టించుకోమన్న తిరుమలయ్యనా?”

“మంచికే సెప్పినాడులే, పాపం.”

“మూతికి కట్టేస్తే అన్నం ఏ దోవన తింటావో అడగలేదా? అబ్బా... నవ్వించొద్దు, నొప్పి.”

“సూడు, నవ్వేదానికి గూడా లేకుండా పోయింది. నీ భయమేందో సెప్పు. సూదంటేనా?”

“ముగ్గురు బిడ్డల్ని కన్న్యాను, నాకు సూదంటే భయమా? నా మూతి గూడా నీ మాదిరి సచ్చిపోతే మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలకు దారం ఎవరు పీలుస్తారు? నాడె బొక్కకు మూతి పెట్టి పీలిస్తే, లోపల కండెకు చుట్టిన దారం కొస బయటికొచ్చి పెదిమకు తగలల్ల. నీకు తెలీకుండా పోయిందనే గదా, ఇన్ని నెల్లుగా రొండు మగ్గాలకూ నేనే పీల్చి ఇస్తాండా. నాదీ పోతే మగ్గాలు ఆపి, ఇద్దురం కూసోని ఒగరి మూతి ఒగరు సూసుకోవల్లనా?”

“కొక్కెం ఊసతో లాక్కుంటాం.”

“ఈ నూలుకు ఊస పెడితే తెగుతుంది. నీకు తెలీనిదా?”

“అందుకే గదే సెప్తాండా, నాది వచ్చేసిందని! ఇంగ నా నాడెలు నేనే పీల్చుకుంటా. నీవి గూడా నేనే పీలుస్తా. నువ్వు పోయి పన్ను పీకించుకోని హాయిగా పండుకో.”

“నిజంగానా?”

“నిజంగానే.”

“బిడ్డ మీద ఒట్టెయ్యి.”

“ఒట్లెందుకే, కోమటంగట్లో మాదిరి?”

“ఐతే పీల్చి సూపించు.”

“ఇప్పుడా?”

“కరెంటు లేదు గదా. ఏం పనుండాది నీకు?”

“ఇయ్యి. ఆ నాడె ఇట్లియ్యి.”

“ఉండు, కొత్త కండె ఏసిస్తా. ఇంద. కండ్లు మూసుకో.”

“కండ్లెందుకు?”

“మూతికి తెలిసేటప్పుడు కండ్లతో ఏం పని?”

“సరే, మూసుకున్న్యా. పీలుస్తాండా.”

“ఊ.”

“ఉండు... ఉండు... ఆ! వచ్చింది.”

“వచ్చిందా?”

“వచ్చింది. ఎంటిక తగిలినట్టు సన్నగా తగిలింది. ఎడమపక్క, సరిగ్గా సూదేసిన పక్కనే!”

“తగిలిందా? బాగా తెలిసిందా?”

“తెలిసిందే! ఎన్నిసార్లు సెప్పల్ల? కండ్లు తెరిసేదా?”

“వద్దు, నాడె ముందు నాకియ్యి. ఊ... ఇంగ తెరువు.”

“నమ్మినావా?”

“నమ్మినా. చీర మార్చుకోనొస్తా. తిరపతి బస్సు ఎన్నింటికి?”

“అట్లుండల్ల! మూడింటికుండాది. సూడు పంకజా, నీకేం కాదు. ఒగవేళ అట్లా ఇట్లా ఐనా నేనుండా గదా, దారం పీల్చేదానికి.”

“ఊ. నువ్వుండావు.”

“మళ్ళా ఏంటికి ఏడుస్తాండావు? నొప్పా?”

“నొప్పే. దారం కొస కండెకే చుట్టి ఇచ్చినానయ్యా నీకు. నీ పెదిమకు తగిలేదానికి ఆ నాడె బొక్కలో ఏమీ లేదు. లెయ్యి, బస్సు పోతుంది.”