పోలమ్మ మొన

హలో, నా మాట వినపడుతోందా అండి? కాకినాడకి దిగువన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఇసుక మొన మీద పద్దెనిమిది వందల ఎనభైల్లో జరిగిన తగువు ఇది. మంచు పట్టిన పొద్దున సర్వే గుమాస్తా పటంలో ఆ చోటు పేరు రాస్తుంటే, అక్కడ చేపలెండేసుకునే ఆవిడ అడ్డం నిలబడింది.

“జమీందారు జగన్నాథరాజు గారి మొన అని రాసేశాను. తప్పుకో.”

“ఇది పోలమ్మ మొనండి, మా అత్త పేరు. రాజుగారిదని రాస్తే రేపు మా చేపలు ఎండెయ్యనిస్తారా?”

“మీ అత్తకి పట్టా ఉందా?”

“ఇసక పోసింది సముద్రం, పట్టా ఇవ్వలేదండి. మీ రాజుగారు దీన్నెప్పుడైనా తొక్కారా?”

“నోరు ముయ్యి. పోటొస్తోంది, దారి మునిగిపోతుంది, పడవని పిలు.”

“మీరే పిలవండి. మంచులో మీరు కనపడరు. పడవోళ్ళు చోటు పేరు వినే వస్తారు.”

“జగన్నాథరాజు గారి మొన దగ్గర మనిషున్నాడోయ్.”

ఎవరూ పలకలేదు. నీళ్ళు గుమాస్తా మోకాళ్ళ దాకా వచ్చాయి.

“ఆ పేరు వాళ్ళెరగరండి.”

“అయితే నువ్వే పిలు.”

“ముందు పటంలో దిద్దండి.”

గుమాస్తా పళ్ళు కొరుకుతూ కొట్టేసి, పోలమ్మ మొన అని రాశాడు. ఆవిడ ఒక్క కేక పెట్టింది. మంచులోంచి తెడ్ల చప్పుడు దగ్గరయింది.

మీ ఊళ్ళో పేరు పోగొట్టుకున్న దిబ్బ ఏదైనా ఉంటే, అక్కడివాళ్ళకి ఈ కథ పంపండి.