వేడెక్కితేనే ఆగే బండి

హలో… ఆ, నేనేనండి యాకోబుగారూ, ప్రసన్నని. ఇందాక చేసింది నేనే.

ఆగిపోయిందండి! కారు మళ్ళీ ఆగిపోయింది—

లేదండి, ఎవరికీ ఏం కాలేదు. ఒక్కదాన్నే ఉన్నాను. మా పాప బ్లెస్సీని వాళ్ళ నానమ్మ దగ్గర వదిలేను. దిండి రోడ్డులో ఉన్నాను. నడుస్తూ నడుస్తూ ఇంజను చచ్చింది, పక్కకి దొర్లించి ఆపేను…

ఎందుకొచ్చానా? ఇది ఆగుతుందేమో చూద్దామనే వచ్చేను. మీ షెడ్డులో రెండుసార్లు స్కానింగు మిషను పెట్టి చూసి, ఏమీ లేదన్నారు కదా. మా ఆయన పొద్దున్నే చల్లపూట అమలాపురం తోలుకెళ్తే ఎప్పుడూ ఆగదు. నేను ఒంటిపూట బడి వదిలాక ఎండలో తీస్తేనే ఆగుతుంది. అందుకే ఇవాళ సెలవు పెట్టి, రాజోలుకీ దిండికీ తిప్పుతూనే ఉన్నానండి…

ఆయనకి చెప్పలేదు. బండి ముట్టుకోవద్దన్నారు. పోయిన మంగళవారం నుంచి ఆయన బస్సు మీదే వెళ్తున్నారు, పెట్రోలు దండగని. కారు ఇంట్లోనే ఉంది.

చెప్పండి, ఏం చెయ్యమంటే అది చేస్తాను… తాళం తిప్పేను. సెల్ఫు బాగానే కొడుతోంది, ఇంజనే అందుకోవడం లేదు… పెట్రోలు పంపా? ఆయ్, వెనకాల జుయ్యిమంటోంది… ఏ సూదండి?— ఆ, ఇంజను వేగం చూపించేది. సెల్ఫు కొట్టినప్పుడు కొంచెం లేస్తోంది… అయితే ఇంజను తిరగడం కనిపెట్టే కింద సెన్సారు మంచిదేనంటారు. మరి?

బానెట్టు ఎత్తేను. అబ్బా, సెగ కొట్టేస్తోంది… ఇంజను పైన, చివర, బొటనవేలంత నల్లది, మూడు వైర్లు… కనబడింది. కామ్‌షాఫ్టు సెన్సారంటే ఇదా? ఏం చేస్తుందండి ఇది?

…ఓహో. ఏ క్షణంలో పెట్రోలు పడాలో ఇది చెప్పాలి. వేడెక్కితే దీని నోరు పడిపోతుంది, చల్లారితే మళ్ళీ మామూలే. అందుకేనా, మీ షెడ్డుకి వచ్చేసరికి బంగారంలా ఉంటుంది!

తడిగుడ్డా? కర్చీఫు ఉంది, సీసాలో నీళ్ళున్నాయి… వైర్ల మీద కారకుండా, ఆయ్… వేసేను. సరే, ఆగుతాను.

…ఉన్నారా? పెట్టేయకండి.

ఆ రోజు కూడా ఇలాగేనండి. పాశర్లపూడి మలుపులో చచ్చింది. వెనకనుంచి ఆటో వచ్చి గుద్దేసింది. పాపకి నుదుటి మీద కుట్లు. ఆసుపత్రి వరండాలోనే మా ఆయన అందరి ముందూ అనేసేరు, క్లచ్చి వదలడం రాక ఆపేసిందని. నాకూ అదే నిజమేమో అనిపించిందండి. రాత్రిళ్ళు పడుకుని, కాలు ఎక్కడ పెట్టానా, ఎప్పుడు తీశానా అనుకునేదాన్ని…

మొన్న గురువారం మా ఇంట్లో ప్రార్థన కూడిక అయింది. ‘మా సహోదరికి నిదానం దయచెయ్యి ప్రభువా’ అని పాస్టరుగారు ప్రార్థన చేసేరు. నేనూ ఆమేన్ అన్నాను. ఏం చెయ్యను?

పాప నా పక్క సీట్లో కూర్చోదండి. డాడీ తోలితేనే ఎక్కుతానంటుంది…

తిప్పమంటారా? తిప్పుతున్నాను—

అందుకుంది! యాకోబుగారూ, అందుకుందండి! వినబడుతోందా?

…ఏడవట్లేదు. ఆ… ఏడుస్తున్నాను. ఉండండి.

సరే. ఈ సెన్సారు ఎక్కడ దొరుకుతుంది? కాకినాడ నుంచి తెప్పించాలా?… మీ దగ్గరే ఉందా? మా కారుదేనా? ఎవరు తెప్పించమన్నారు?

…ఏ సారండి?

మా ఆయనా?

ఎప్పుడు?… పోయిన సోమవారం. అంబాజీపేట దగ్గర. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆయన తోలుతుంటేనే ఆగిందా… మీరే వెళ్ళి అక్కడే మిషను పెడితే, ఇదే వచ్చింది.

బానెట్టు దించేస్తున్నాను, అంతే. వింటున్నాను.

ఇంట్లో చెప్పొద్దన్నారా… తనే నిదానంగా చెప్పుకుంటానన్నారా. అందుకేనా, ఆగిందనగానే మీరు ఆశ్చర్యపోలేదు. అందుకేనా ఆయన బస్సెక్కుతున్నారు.

కాదండి, మిమ్మల్ని అనడం లేదు. మాటిచ్చేరు, పాపం, మీరేం చేస్తారు? ఇవాళైనా నోరు జారేరు, మంచిదే… ఒక్కటే ఆలోచిస్తున్నాను. సోమవారం ఆయనకి తెలిసిపోయింది. కూడిక ఆ తర్వాత గురువారం కదండి. నా పక్కనే కూర్చున్నారు. కళ్ళు మూసుకుని.

…లేదండి, గొడవ పడను. గొడవ పడే ఓపిక లేదు.

ఒక్క సాయం చెయ్యండి. ఆయనకి ఫోను చెయ్యండి. సాయంత్రం బ్లెస్సీని తీసుకుని షెడ్డుకి రమ్మనండి. అప్పటిదాకా సెన్సారు మార్చకండి, పాప చూస్తుండగానే మార్చాలి. ఆ రోజు బండి ఎందుకాగిందో పాపకి చెప్పాలి— మీరు కాదండి. నేను చెప్తే నమ్మదు. ఆయనే చెప్పాలి.

…నేనున్నానంటే రారేమోనా?

చెప్పండి. నేనక్కడే కూర్చున్నానని చెప్పండి. రాకపోతే అప్పుడు చూద్దాం.

లేదండి, మీరు రావద్దు, నేనే తీసుకొస్తాను. దారిలో ఆగితే పక్కకి తీసి మళ్ళీ తడిగుడ్డ వేస్తాను… ఆయ్, జాగ్రత్తగానే వస్తాను.

నాకు తోలడం వచ్చండి. ఉంటాను.