ఫల్గుణ చూరు కింద కుండ

అరకు రైల్వే స్టేషనుకు పోయే దారిలో సింహాచలం చింతపండు దుకాణం. మనుషులకు విజయం సాధించడం నేర్పే ప్రేమ్‌కుమార్, కాఫీ రైతులకు వారం రోజుల క్లాసు చెప్పడానికి విశాఖపట్నం నుంచి వచ్చి, ఆ దుకాణం మేడ మీద గదిలో దిగాడు. ఈ మధ్యాహ్నం మాత్రం కింద, చింతపండు బస్తాల వెనక ఉన్నాడు.

“తల దించండి మాస్టారూ, బస్తాల మీంచి మీ జుత్తు అవుపిస్తంది.”

“వచ్చేశారా?”

“ఇంకా లేదు. గెడ్డలో నీళ్ళు దాటేరని కబురొచ్చింది. ఫల్గుణ ముందు నడుస్తన్నాడట, ఎనకాల ఊరి పెద్దలు.”

“విశాఖ బండి ఎన్నింటికి?”

“అది వొచ్చినప్పుడే దాని టైము. ముందు ఇది సెప్పండి. ఫల్గుణ ఇంటి సూరు కింద ఆ కుండ మీరే పెట్టేరా, ఇంకెవడైనా పెట్టి మీ పేరు సెప్పేడా?”

“నేనే పెట్టాను. అందులో తప్పేముంది? పొద్దున్న వాకింగ్‌లో ఒకాయన జీలుగు కల్లు దింపుతుంటే కొన్నాను. చిన్న కానుక.”

“మూతికి ఆకు కట్టేరా?”

“ఈగలు పడతాయని కట్టాను.”

“పెట్టి ఏటన్నారు?”

“ఏమీ అనలేదు. నవ్వాను, దణ్ణం పెట్టాను, వచ్చేశాను. అది నా నాలుగో సూత్రం సింహాచలం గారూ. కానుక ఇచ్చేవాడు కారణం చెప్పకూడదు. అవతలివాడు ఇక రోజంతా మన గురించే ఆలోచిస్తాడు.”

“ఒక్కడు కాదండీ, ఊరంతా కూకుని ఆలోసించేరు. పెళ్ళీడు గుంట ఉన్న ఇంటి సూరు కింద మూతి కట్టిన కల్లుకుండ పెట్టి, నోరిప్పకుండా దణ్ణమెట్టి ఎల్లిపోతే, ఆ ఊళ్ళో దాన్నేటంటారో తెలుసా?”

“ఏమంటారు?”

“సంబంధం అడగడం అంటారు.”

“సంబంధమా!”

“ఫల్గుణ కూతురు కనకని మీకిమ్మని అడిగేరు. ఆ కల్లు తాగితే ఒప్పుకున్నట్టు. నోటితో అడిగితే మోటుతనం, అందుకే మాటాడరు. మీరు మా బాగా మర్యాదగా అడిగేరు.”

“అయ్యో, నేను పెట్టింది ఫల్గుణ గారు వాళ్ళ ఊరి రైతులందర్నీ క్లాసుకి తీసుకొస్తారని!”

“అవునా. మరి నిన్న క్లాసులో ఆ కనకనే లేపి, నిలబెట్టి, అందరిసేతా సప్పట్లు కొట్టించేరెందుకు?”

“ఆ మొక్కల నర్సరీ అమ్మాయేనా? మంచి ప్రశ్న అడిగింది, ప్రోత్సహించాను.”

“నిన్న సప్పట్లు, ఇవాళ కుండ. ఊరోళ్ళు రెండూ ఒకే తక్కెట్లో ఏసి తూసేరు. నేనైనా అలాగే తూస్తాను.”

“నాకు పెళ్ళయిపోయిందని చెప్పెయ్యండి.”

“అయిపోనాదా?”

“లేదు.”

“‘అబద్ధమాడేవాడు తన రేపుని తనే అమ్ముకుంటాడు’ అని మొన్న మీరే అన్నారు. నేను గుమ్మం దగ్గర ఆగి మరీ ఇన్నాను. అమ్మడం అన్నమాట సెవిన పడితే నా కాలు కదలదు.”

“అది క్లాసులో చెప్పే మాటండీ! అయినా నేనేం పాపం చేశాను? తెల్లవారకుండా లేస్తాను. చన్నీళ్ళ స్నానం చేస్తాను. అద్దం ముందు నిలబడి ‘నేను విజేతని’ అని గట్టిగా…”

“ఆ అరుపుకే మా ఇంటిది అసిరమ్మ, మేడ మీద దొంగలడ్డారని రోకలట్టుకుని లెగిసింది.”

“ఆ తర్వాత కొండ మీదికి వాకింగ్.”

“ఏటి తేడానికి?”

“తేవడానికి కాదు. ఊరికే ఎక్కి దిగుతాను.”

“ఊరికే!”

“ఆరోగ్యం అండీ.”

“సరే సరే. సరుకెయ్యకుండా లారీని ఘాట్ రోడ్డెక్కించి దించిన డ్రైవర్ని నేనైతే పన్లోంచి తీసెస్తాను. మీ సదువులో అది ఆరోగ్యం కాబోలు.”

“వేళాకోళం తర్వాత. ఆ దొడ్డి తలుపు తీయండి, స్టేషన్‌కి అటు నుంచి పోతాను.”

“తియ్యను.”

“ఏమిటి?”

“మీరు బండెక్కి పోతారు. కుండెట్టినోడు పారిపోనాడంటే, మాట పడేది ఆ గుంట. ఫల్గుణ నాకు నేస్తం. రేపట్నించి ఆ ఊరి సింతపండు నా గడప తొక్కుతాదా? ఎదట నిలబడి సెప్పండి. మీ పద్ధతి నాకు తెలీదు, తెలీక పెట్టేను, తప్పయిపోనాదని.”

“తెలియదు అనాలా? నేనా?”

“నోరు అరిగిపోతాదేటి?”

“పెద్ద పెద్ద కంపెనీల మేనేజర్లకి జీవితం నేర్పినవాణ్ణి. తెలీదన్నానంటే రేపు నా క్లాసుకి ఎవడొస్తాడు? అయినా వాళ్ళకయినా ఉండాలి కదా! నేనెక్కడ, ప్లాస్టిక్ సంచుల్లో మొక్కలకి నీళ్ళు పోసుకునే ఆ పిల్లెక్కడ? కుండ కనిపించగానే పెద్దల్ని వెంటేసుకుని బయల్దేరడమేనా?”

“గొంతు తగ్గించండి. అదిగో, వొచ్చీసేరు.”

“సావుకారీ, ఉన్నావా?”

“రా ఫల్గుణా, రా నేస్తం. పెద్దలు అరుగు మీద ఆగిపోనారేటి?”

“ఆళ్ళు అక్కడే కూకుంటారు. మాస్టారు బాబు ఏడి?”

“ఆ బస్తాల ఎనకాల. ధ్యానం సేసుకుంటన్నారు.”

“నమస్కారం ఫల్గుణ గారూ. మీ కుటుంబం అంటే నాకు చాలా గౌరవం. అయితే ప్రతి మనిషికీ కొన్ని లక్ష్యాలుంటాయి. నా లక్ష్యాల దృష్ట్యా ప్రస్తుతం…”

“కూకో బాబు. ముందు ఇది పట్టుకో. నీ కుండ.”

“ఇదేమిటి… బరువుగా ఉంది?”

“నిండుగుంది బాబు. తాగలేదు. మూతాకు కూడా ఇప్పలేదు.”

“అంటే?”

“అంటే గుంట వొద్దందండీ మాస్టారూ. బతికిపోనారు.”

“ఒద్దంది బాబు. మాలో గుంట మాటే మాట. మేం సెప్పి సూసేం. సదువుకున్నోడు, బూట్లున్నోడు, ఇంకోసారి ఆలోసించుకోవే అన్నాం. ఇన్లేదు. కుండెట్టినోడికి కుండ మర్యాదగా తిరిగిచ్చెయ్యాల, అందుకే పెద్దల్తో వొచ్చేను.”

“వద్దందా? నన్నా?”

“ఇందాకే కదండీ, దొడ్డి తలుపు తియ్యమని…”

“మీరుండండి. ఎందుకు వద్దందట?”

“ఒదిలీ బాబు. మనసు కట్టం సేసుకోకు.”

“లేదు, తెలియాలి. మన లోపం అవతలివాణ్ణి అడిగి తెలుసుకోవడం నా ఆరో సూత్రం. చెప్పండి.”

“నువ్వు కొండెక్కే దారి పక్కనే గదా నర్సరీ. రోజూ సూస్తందంట. ‘సీకట్నే ఎక్కుతాడు, ఒట్టి సేతుల్తో దిగుతాడు. దారంట ఎండుపుల్లలు కాళ్ళకి తగుల్తున్నా ఒక్కటి ఏరడు. అలాటోడింట్లో నేను పొయ్యిలో ఏటెట్టాల?’ అంది.”

“అంతేనా?”

“ఇంకొకటుంది, సెప్పమంటావా?”

“చెప్పండి.”

“నవ్వు. ‘సెట్టుని సూసినా అదే నవ్వు, మేకని సూసినా అదే నవ్వు, నన్ను సూసినా అదే. నా కోసం నవ్వేడో లేదో నాకెలా తెలుస్తాది?’ అంది.”

“మరి నిన్న క్లాసులో నేను చెప్పిందానికి తనూ చప్పట్లు కొట్టింది కదా!”

“కొట్టమన్నావు గదా బాబు.”

“ఫల్గుణా, మరింక ఆపు. మాస్టారి మొకం సూడు.”

“అయ్యో, నాకేటీ కోపం లేదు. బాబుకి ఉందేమో. ఎల్తాను సావుకారీ. రేపు క్లాసుకి మా ఊరోళ్ళందరం వస్తాం బాబు. కనక కూడా వస్తాది. టిఫిను పెడతారంట గదా.”

“ఎల్లిరా నేస్తం… హమ్మయ్య. నా సింతపండు నిలబడింది. మాస్టారూ, మీ గండం గట్టెక్కింది. ఆ కుండ కింద పెట్టండి, ఎంతసేపని మోస్తారు.”

“ఊఁ.”

“అదిగో బండి కూత! దొడ్డి తలుపు తీసెస్తన్నాను, బేగి పదండి. దొరికిపోతాది.”

“ఊఁ.”

“మాస్టారూ, బండండీ.”

“వినిపిస్తోంది.”

“ఆగింది. మళ్ళీ కదిలింది. అదిగో, పోనాది.”

“పోనీండి. రేపు క్లాసుంది కదా.”

“ఇందాకా లేదేటి క్లాసు?”

“సింహాచలం గారూ.”

“ఏటండీ?”

“రేపు పొద్దున్న నేను కొండెక్కేటప్పుడు, పుల్లలు కట్టుకోవడానికి ఓ తాడు ఇస్తారా?”