అక్క కాలేజీ కాయిదం మీద నా సంతకం

"పెద్దబాపూ, అక్క కాలేజీ కాయిదం మీద నువ్వు సంతకం పెట్టనన్నవట, నిజమేనా?"

ఎవలు జెప్పిన్రు, మీ పెద్దమ్మనా? నిజమే బిడ్డా, దాపెట్టుడెందుకు. నాలుగు దినాలు పెట్టలే. కాదు కాదు, అయిదు. శుక్కురారం తెచ్చింది, బుధవారం పొద్దుగాల పెట్టిన.

అప్పుడు దోహల గీ అల్ హిలాల్ ఇల్లు లేదు. ఇది మీ అక్క కిరాయి కట్టే ఇల్లు గదా, నేను గుడ నీ లెక్క ఊరి నుంచి సుట్టంగనే అచ్చిన. అప్పుడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ కాడ ఉంటుంటిమి. ఓనరు ఒక్క విల్లాను అయిదు ముక్కలు చేసి కిరాయికిచ్చిండు, మాది ఎనుక ముక్క. వంటరూముల ఇద్దరు నిలవడితె మూడో మనిషి బయటనే. నేను ఫోర్మెన్‌ను అయినంకనే ఫ్యామిలీ వీసా దొరికింది. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ అస్తున్నదని దేశమంత తవ్విపెట్టిన్రు, పొద్దున పోయిన తొవ్వ పొద్దుమూకి ఉండకపోతుండె. ఖుబ్జు రొట్టెలు ఒక్క రియాల్‌కు అయిదస్తుండె... సరె, అది ఇడిసిపెట్టు.

మీ అక్క పన్నెండో తరగతిల ఉన్నది. ఈడనే దోహల అమెరికోళ్ల కాలేజీ ఒకటున్నది, చదివితె దాంట్లనే చదువుతనని పట్టు. ఏందంటె, అందరికన్న ముందుగాల దరఖాస్తు పెట్టుకుంటె సీటు అచ్చే ఆస్కారం జర ఎక్కువనట. గని ఒక మెలిక ఉన్నది. సీటిస్తె తప్పక చేరుతనని పిల్ల సంతకం, బడి మేడం సంతకం, తండ్రి సంతకం. వేరే కాలేజీలకు పెట్టుకున్నయి వాపస్ తీస్కోవాలె. మరి ఫీజుకు సాయమెంతిస్తరు అంటె, అది సీటు తోనిపాటే చెప్తరట. అంటె సంతకం ముందు, పైసల ముచ్చట తర్వాత. నా ఏడాది జీతం మొత్తం పోసినా ఒక్క ఏడు ఫీజు ఎల్లది బిడ్డా. పెట్టనని కాయిదం వాపస్ ఇచ్చిన.

ఎందుకంటె... మీ బాపు లగ్గం ఫోటోలల్ల నేను లేను, సూశినవా ఎన్నడన్న? బొంబాయిల ఏజెంటు ఆఫీసుల కార్పెంటర్ పనని సంతకం వెట్టి అచ్చినోన్ని నేను. జీతం కాడ కాయిదం మీద ఖాళీ ఉన్నది. ఆడికి పోయినంక రాస్తరు, నువ్వైతె పెట్టు అన్నడు. పెట్టిన. ఈడ దిగినంక ఇనుప సలాకలు కట్టే పనిల ఏశిన్రు, నోటితోని చెప్పినదాంట్ల సగం జీతం. పాస్‌పోర్ట్ కంపెనీ తీస్కున్నది. తమ్ముని లగ్గమని సెలవడిగితె, రెండేండ్లు కానియ్ అన్నరు. క్యాంపుల మంచం మీద బోర్ల పండుకోని ఏడ్చిన, సిగ్గేమున్నది. గీ సంగతి మీ అక్కకు ఎన్నడు చెప్పలే నేను. బాపు మొదటినుంచి ఫోర్మెనే అనుకున్నది పిల్ల.

ఇగ నేను ఒద్దంట, అది ముఖం ముడుసుకుంటది. మీ పెద్దమ్మ ఇద్దరి నడుమ చాయ్‌లు మోసుడే. మంగళారం సగం దినం సెలవు వెట్టి బడికి పోయిన. కాలేజీల సంగతి జూసే మేడం ఒకామె, మలయాళీ. నాకు అచ్చిన హిందీల అడిగిన, మేడం, కాలేజీ వాళ్లు మా బిడ్డ పాస్‌పోర్ట్ తీస్కుంటరా అని. మీ అక్క తల కిందికేసింది. ఆ మేడం మాత్రం నవ్వలే బిడ్డా. ఆమె తండ్రి గుడ గల్ఫుల చేసినోడేనట. మెల్లగ చెప్పింది, పాస్‌పోర్ట్ ఎవ్వలు ముట్టరు, ఇచ్చిన సాయం సరిపోకుంటె సరిపోదని రాసి తప్పుకోవచ్చు, కేసు గీసు ఏముండదని. వేరే కాలేజీలకు మల్ల ఉరుకుడు పడుతదట, గంతే.

ఇంటికచ్చినంక అడిగింది, పాస్‌పోర్ట్ ముచ్చట ఎందుకు తీసినవ్ బాపూ అని. అప్పుడు చెప్పిన, బొంబాయి నుంచి పట్టి అంత చెప్పిన. అంత ఇని అది అన్నది, "అయితె ఒద్దు బాపూ. నువ్వు పెట్టకు. నేను అందరి తోనిపాటే పెట్టుకుంట."

గా మాట ఇన్నంక అనుకున్న, బొంబాయి సంతకం నన్ను పట్టుకున్నది సాలదా, నా బిడ్డను గుడ పట్టుకోవాల్నా? తెల్లారి డ్యూటీకి పోయేముందు కాయిదం తీస్కరమ్మన్న. ఒక్కొక్క లైను సదివి తెలుగుల చెప్పమన్న. నా జన్మల ఒక కాయిదం మొత్తం ఇని సంతకం పెట్టుడు అదే మొదలు.

డిసెంబర్ల, ఈడి నేషనల్ డే కని రోడ్లపొంటి జెండాలు కడుతున్న దినాలు. సైటు మీద ఉంటె ఫోన్ చేసి సీటు అచ్చింది బాపూ అన్నది, గని గొంతుల సంబురం లేదు. ఇంటికి పోయి సూస్తె కాయిదం ముందటేసుకోని కూసున్నది. సాయమిచ్చిన్రు, మాకు సరిపోతది. గని షరతు వెట్టిన్రు, చదువైనంక కొన్నేండ్లు ఇదే దేశంల నౌకరి చెయ్యాలె. మల్ల కట్టేశినట్టే గదా బాపూ, ఒద్దంటె తప్పుకుందాం అంటున్నది, నా ముఖం దిక్కు సూడకుంట.

నేను ఆ లైను మల్లోసారి సదువుమన్న. ఇంకోసారి గుడ సదువుమన్న.

ఇరవై నాలుగేండ్లు చేసిన బిడ్డా ఈ దేశంల. ఏటేట అకామ, అదే ఈడ ఉండే పర్మిట్, రెన్యూ చేస్తరో, టికెట్ చేతుల వెట్టి ఇంటికి పొమ్మంటరో అని బుగులు వడుకుంటనే చేసిన. నన్ను ఎవ్వలు, ఒక్కనాడన్న, ఉండుమనలే. నా బిడ్డను ఉండుమన్నరు. రాసిచ్చి మరీ ఉండుమన్నరు. అందుకే చేరుమన్న.

సల్లగుండు బిడ్డా. నిన్ను గుడ పిలిచి ఉండుమనే జాగ దొరకాలె... నాకు గదే సాలు.