అన్నిటికీ ఒకటే పేరు

ఆసుపత్రి వరండాలో బల్ల మీద బస్సు డ్రైవరు, అతని అక్క కూర్చున్నారు.

“కడుపునొప్పికి ఒక డాక్టరు, బీపీకి ఇంకొకరు, కాళ్ల మీద గడ్డలకి మరొకరు. ఈ కొత్త డాక్టరేమో అన్నీ ఒకటే జబ్బంటాడేంటక్కా?”

“రక్తనాళాలు వాచాయటరా. రక్తం అందని చోటల్లా దెబ్బతింటుందట.”

“నాకేం బుర్రకెక్కట్లేదు. మరి పాదం కూడానా?”

“పాదానికేమైంది?”

“వారం నుంచి సరిగ్గా పైకి లేవట్లేదు. కుడిది.”

“బ్రేకు తొక్కే కాలు! వారమంతా బస్సు తోలావా?”

“తిమ్మిరనుకున్నా. కడుపుకీ కాలికీ సంబంధమేంటో నాకేం తెలుసు?”

“డాక్టరుకి చెప్పలేదేం?”

“డ్యూటీలోంచి దింపేస్తారని...”

అక్క లేచి అతని చెయ్యి పట్టుకుంది.

“పద, ఇప్పుడే చెబుదాం. మందులున్నాయన్నాడుగా.”

“నిన్న బండి స్టాపు దాటాక గానీ ఆగలేదక్కా. నిద్రపోతున్నావా అని జనం తిట్టారు. నిజమేనేమో అనుకున్నా.”