తెరమీద పదకొండు పేర్లు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన జలమండలి పెద్ద ఫ్రౌక్యె గారికి, ముందు వరసలోని పాత అధికారులకు, పంపు కేంద్రాల నుంచి బురద బూట్లతోనే వచ్చేసిన మిత్రులకు, వంటగది గుమ్మంలో నిలబడి వింటున్నవారికి, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా చల్లారిన భోజనాలను మళ్ళీ మళ్ళీ వేడిచేసిన మా ఆవిడ ఆల్ట్యెకి, అందరికీ నమస్కారం.

పది నిమిషాలు దాటితే మైకు తీగ తానే పీకేస్తానని ఫ్రౌక్యె గారు ఇందాక నా చెవిలో చెప్పారు. తీగ పీకడం ఆవిడకు నేర్పినవాణ్ణి నేనే కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడతాను. (నవ్వులు)

నాకు ముందు మాట్లాడిన దౌవ, పంపుల దౌవ, ఈ త్యాలింగ్, అంటే నేను, లేకపోతే ఈ ఊళ్ళు మునిగిపోయేవని అన్నాడు. వయసు పైబడినవాడు, వీడ్కోలు సభ కదా అని నాలుగు మంచి మాటలు ఎక్కువేశాడు. కానీ దౌవా, ఆ మాట నిజం కాదని నాకు తెలుసు, నీకూ తెలుసు. పదకొండేళ్ళుగా నేను చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది. అది చెప్పకుండా ఈ పూలగుత్తి ఇంటికి తీసుకెళ్ళలేను.

కంప్యూటర్లు చూసుకునే పనిలో నేను చేరినప్పుడు ఈ భవనంలో ఉన్నవి నాలుగే కంప్యూటర్లు. వాటిలో ఒకదానిమీద పూలకుండీ ఉండేది. తరవాత అవి పెరిగాయి, ముప్ఫై ఆరు పంపు కేంద్రాలూ ఇక్కడి తెరలమీదికి వచ్చాయి, కాలువలో నీరు జానెడు పెరిగితే కుర్చీలోంచి కదలకుండా పంపు తిప్పే రోజులొచ్చాయి. వాటితోపాటు వైరస్‌లూ వచ్చాయి. వైరస్ అంటే గాలిలో పుట్టేదేమీ కాదు, అదీ ఎవడో కూర్చుని రాసినదే. చాలాసార్లు అది తలుపు తనంతట తాను తీసుకుని రాదు, మనలో ఒకరిచేత తీయించుకుంటుంది. ఆ తీసినవారు తెలివితక్కువవారని నేను చాలా ఏళ్ళు నమ్మాను. తప్పంతా అక్కడే మొదలైంది.

పన్నెండేళ్ళ కిందట మీ అందరికీ ఒక దొంగ ఉత్తరం పంపాను, పరీక్షకోసం. ఉద్యోగులకు కొత్త రబ్బరు బూట్లు ఉచితం, కొలత చెప్పడానికి ఇక్కడ నొక్కండి అని. పదకొండుమంది నొక్కారు. ఏడాది చివరి సమావేశంలో, ఇదే హాల్లో, ఇదే గోడమీది తెరపై ఆ పదకొండు పేర్లూ పెద్ద అక్షరాలతో వేశాను. మొదటి పేరు హింకె.

కొత్తగా చేరినవారికోసం చెబుతున్నాను, రైతుల ఉత్తరాలు చూసేది హింకె. గట్టు జారినా, పక్కింటి బాతులు తూములో దూరినా, జనం మొదట రాసేది ఆవిడకే. అంటే ముక్కూ మొహం తెలియనివారి ఉత్తరాలు తెరవడమే ఆవిడ ఉద్యోగం. ఆ ఆలోచన నాకు అప్పుడు తట్టలేదు. "హింకెకి బూట్లు తరవాత, ముందు కళ్ళద్దాలు ఇప్పించండి" అన్నాను. హాలంతా నవ్వింది. హింకె కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి, పాఠం బాగానే ఎక్కిందనుకున్నాను.

నీళ్ళు తాగుతాను.

మరుసటి నవంబరులో ఒక మంగళవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి, హింకెకి ఒక రైతు పేరుతో ఉత్తరం వచ్చింది. పొలం మునిగింది, ఫొటోలు జతచేశాను, చూడండి అని. బయట వాన. ఆవిడ ఫొటోలు తెరిచింది. తెర ఒక్కసారి మిణుకుమంది, ఫొటోలు రాలేదు. ఏదో తేడా జరిగిందని ఆవిడకు అప్పుడే తెలిసింది. లేచి నా గదివరకు వచ్చింది. లోపల నేను ఫోనులో ఎవరితోనో, ఇంకెవరో పాస్‌వర్డ్‌గా తన కుక్క పేరు పెట్టుకున్నారని చెప్పి పగలబడి నవ్వుతున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజు చెప్పలేదు. బుధవారమూ చెప్పలేదు.

గురువారం ఉదయానికి భవనంలో ఒక్క తెరా పనిచేయలేదు. అన్నిటిమీదా తప్పుల డచ్చిభాషలో ఒకే బెదిరింపు, డబ్బు పంపితే తాళం తీస్తామని. మూడు రోజులుగా వాన ఆగలేదు. ఏ కాలువలో నీరెంతుందో, ఏ పంపు తిరుగుతోందో మాకు కనబడటం లేదు. మన పొలాలు సముద్రమట్టానికి ఎంత దిగువన ఉన్నాయో మీకు నేను చెప్పాలా.

"దొంగకి ఇచ్చేది లేదు" అన్నారు ఫ్రౌక్యె గారు. "ఎన్ని రోజులు పడుతుందో అది చెప్పు."

నేను నోరు తెరిచేలోపు దౌవ లోపలికి వచ్చాడు, నడుముకి తాళాలగుత్తి, చంకలో తన పశువుల కొట్టం గోడనుంచి ఊడదీసిన కాగితం పటం. "ఏమయ్యా త్యాలింగ్, తెరలు పోతే పోయాయి, పంపుల దగ్గర చేత్తో తిప్పే చక్రాలు పోలేదుగా. కార్లున్నవాళ్ళందర్నీ నాతో పంపు. మీటలు నొక్కడం తప్ప ఏమీ రానివాళ్ళకి చక్రం తిప్పడం నేను నేర్పుతా" అన్నాడు. ఈ హాల్లో సగంమంది చేతులకు ఆ వారం బొబ్బలెక్కాయి. (చప్పట్లు) అవును, కొట్టండి, అవి మీకే.

ముప్ఫై అయిదు పంపులు తిరిగాయి. తూర్పు పల్లంలో ఒకదాని చక్రం తుప్పుపట్టి మూడు గంటలు మొరాయించింది. ఆ మూడు గంటల్లో ఒక రైతు దంపతుల ఇంట్లోకి మోకాలెత్తు నీరు వచ్చింది. ఎనభై ఆవుల్ని గట్టుమీదుగా పొరుగువారి కొట్టానికి నడిపించారు. ఆవులు దక్కాయి. వాళ్ళమ్మాయి పియానో దక్కలేదు. నేను వెళ్ళినప్పుడు ఆ పిల్ల దాని మెట్లు ఒక్కొక్కటీ తుడుస్తోంది. ఏ మెట్టూ పలకడం లేదు.

మన లెక్కలూ పటాలూ తిరిగి రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. వచ్చాయంటే కారణం ఒక్కటే. ప్రతి శుక్రవారం అన్నిటికీ నకలు తీసి, ఆ నకలు పెట్టె తీగ పీకేసి, ఇనపబీరువాలో పెట్టేవాళ్ళం. తీగ లేని పెట్టెలోకి వైరస్ వెళ్ళలేకపోయింది. ఇంట్లో మీ పిల్లల ఫొటోలకైనా ఆ పని చేయండి.

అది ఎవరి యంత్రంలోంచి వచ్చిందో ఆరాతీస్తే హింకె పేరు తేలింది. కోపంతో ఊగిపోతూ ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళాను.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు. మంగళవారమే తెలుసు. నీ గదిదాకా వచ్చాను."

"మరి చెప్పలేదేం? అప్పుడే చెప్పుంటే నీ ఒక్క యంత్రంతో పోయేది."

ఆవిడ నావైపు చూడకుండా అంది, "మళ్ళీ ఆ గోడమీద నా పేరు చూసుకోలేక, త్యాలింగ్."

ఆవిడ ఏడ్వలేదు, నన్ను తిట్టనూలేదు. తరవాత నివేదికలో నేను ఆవిడ పేరు రాయలేదు, "ఒక ఉద్యోగి యంత్రం ద్వారా" అని రాసి ఊరుకున్నాను. అది నా పెద్దమనసని అందరూ మెచ్చుకున్నారు. ఆ రెండు రోజులు వైరస్‌ను దాచిపెట్టింది నా వెటకారమే అని రాయాల్సింది. రాయలేదు. ఆ పియానో బాకీ నాదే. హింకె, ఇంతమంది ముందు నవ్వించాను కాబట్టి ఇంతమంది ముందే అడుగుతున్నాను, నన్ను క్షమించు.

(నాలుగో వరసలోంచి హింకె: "ఇది నాకు పదకొండేళ్ళుగా తెలుసు. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా. ఇక కానీ, ఫ్రౌక్యె గారు గడియారం చూస్తున్నారు." నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

కళ్ళజోడు మసకబారింది. ఒక్క నిమిషం.

ఆ తరవాతే కొత్త పద్ధతి పెట్టాం. నొక్కకూడనిది నొక్కానని ఎవరు వచ్చి చెప్పినా నా తరఫున ఒక ముక్క ఓరాన్యెకూక్ కేకు, పైన గులాబిరంగు చక్కెర పూత ఉన్నదే. నెల రోజులు ఒక్కరూ రాలేదు, ఆ కేకులన్నీ నేనే తిన్నాను, ఆల్ట్యెకి తెలుసు. మొదట వచ్చినవాడు దౌవ. ఏం నొక్కావంటే, "ఏమీ నొక్కలేదు, ఆకలేసింది" అన్నాడు. (నవ్వులు) కానీ మర్నాటినుంచి నిజంగా నొక్కినవాళ్ళు రావడం మొదలుపెట్టారు.

పాఠాలు చెప్పే పని హింకె తీసుకుంది. రైతుల సంఘాల్లో, వృద్ధుల క్లబ్బుల్లో ఆవిడ పాఠం "నేను నొక్కాను" అన్న మాటతో మొదలవుతుంది. తరవాత ఇలా అంటుంది: "హడావుడి పెట్టే ఉత్తరం వస్తే లేచి వెళ్ళి కోళ్ళకి గింజలు వేసి రండి, వచ్చేసరికి మీ బుద్ధి మీకొస్తుంది. బ్యాంకు పేరు చెబితే ఉత్తరంలో ఉన్న నంబరుకి కాదు, మీ దగ్గరున్న నంబరుకి ఫోన్ చేయండి. అన్ని తాళాలకీ ఒకటే తాళంచెవి, అంటే అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్, పెట్టకండి. యంత్రం అప్‌డేట్‌తో తనను తాను బాగుచేసుకుంటానంటే రేపు రేపు అనకండి. అయినా నొక్కారా, తీగ పీకి, గట్టిగా అరవండి." నేను ముప్ఫై ఒక్క ఏళ్ళలో రాసిన నియమాలపుస్తకం కంటే ఈ నాలుగు ముక్కలే ఎక్కువమందిని కాపాడాయి.

రెండేళ్ళ కిందట మంత్రిత్వశాఖ పేరుతో ఒక ఉత్తరం వచ్చింది. అది నొక్కినవారు ఎవరో చెప్పడానికి వారి అనుమతి ఉంది. (ఫ్రౌక్యె గారివైపు తిరిగి) ఉంది కదండీ? ఉందట. రెండు నిమిషాల్లో నాకు ఫోను. "త్యాలింగ్, నువ్వేం అనకముందే చెబుతున్నా, నొక్కేశాను, తీగ పీకేశాను, ఇప్పుడేం చెయ్యను?" పాత వైరస్‌కు తోబుట్టువే అది. ఫ్రౌక్యె గారి ఒక్క యంత్రం పోయింది. పక్క బల్లమీద యంత్రానికి కూడా అంటలేదు. కాలువల్లో నీరు ఎంతుండాలో అంతే ఉంది. ఊళ్ళో ఎవరికీ ఏం జరిగిందో తెలియనే తెలియదు.

చివరిగా ఈ ఉదయం సంగతి. గొస్సెని మీలో చాలామంది ఎరగరు. ఇరవై ఆరేళ్ళు పాలలారీ నడిపి, యాభై ఏడో ఏట మన కాలువల తనిఖీకి వచ్చాడు. చేరి మూడు వారాలైంది. పది గంటల వేళ, నలభైమంది కూర్చున్న కాంటీనులో, చేతిలో టాబ్లెట్ పట్టుకుని నిలబడి అడిగాడు, "ఏవండీ, నేనేదో నొక్కకూడనిది నొక్కినట్టున్నా. ఎవరికి చెప్పాలి?"

నేను చెంచా పట్టుకుని ఆగిపోయాను, ఎవరైనా నవ్వుతారేమోనని. ఎవరూ నవ్వలేదు. మూడు బల్లల దగ్గర ముగ్గురు లేచారు. ఒకరు కుర్చీ జరిపి కూర్చోబెట్టారు, ఒకరు టాబ్లెట్‌ని నెట్‌నుంచి విడదీశారు, నా పని చేపట్టబోయే రింస్కె అప్పటికే అతని పక్కన వంగి చూస్తోంది. నన్నెవరూ పిలవలేదు. ఒక్కరూ నావైపు తిరిగి చూడను కూడా చూడలేదు. నేను కూర్చుని, నా కాఫీ వేడిగా ఉండగానే చివరి చుక్కదాకా తాగాను.

ఇన్నాళ్ళు నన్ను భరించినందుకు, ఇవాళ ఇంత ఓపిగ్గా విన్నందుకు, మీ అందరికీ నా కృతజ్ఞతలు. ఫ్రౌక్యె గారూ, తీగ పీకక్కర్లేదు, నేనే దిగుతున్నాను. సెలవు.