డాంగిల్‌కు లైట్ రాలేదు

గుండ్లపోచంపల్లిలో కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్న కోడలు, నెట్ డాంగిల్ అమ్మిన మేడ్చల్ దుకాణానికి ఫోన్ చేసి గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

“అన్నా, డాంగిల్‌కు లైట్ వస్తలేదు. పదకొండింటికి నా ఇంటర్వ్యూ ఉంది.”

“మొత్తం లోపలికి పోయిందా చెల్లె?”

“సగమే పోతాంది. పోర్టుల పసుపు ముద్ద ఉంది.”

“పసుపు ఏంది?”

“పొద్దుగాల మా అత్తమ్మ కంప్యూటర్‌కు పూజ జేసి బొట్లు పెట్టింది.”

“కంప్యూటర్ బంద్ జేసి, పుల్లతోని మెల్లగ తీసెయ్.”

“దర్వాజ కాడ కూసొని చూస్తాంది అన్నా. ఇంట్లనుంచే పని అంటేనే ఒప్పుకుంది. ఇగ బొట్టు తీస్తే ఉద్యోగమే వద్దంటది.”

“అయితే అవతలి పక్క పోర్టుల పెట్టు.”

“అన్నిటికీ పెట్టింది. ఒక్కటి గూడ బోసిగ ఉండొద్దంట.”